రాజు ఉప్పు తిన్నవారు

వాక్యభాగములు: ఎజ్రా 4:11–23, నెహెమ్యా 2:1–8, 5:1–19

పారసీక రాజైన అర్తహషస్త దినములలో నది యవతలి దేశమునుండి రాజనగరునకు ఒక ఫిర్యాదు ఉత్తరము పోయెను. దానిని పంపినవారు మంత్రియగు రెహూము, లేఖకుడగు షిమ్షయి, షోమ్రోను ప్రాంతమందు కాపురముంచబడిన తదితర జనులు. యూదులు యెరూషలేము గోడలను నిలువబెట్టుచున్నారనియు, ఆ పట్టణము పూర్వమునుండి తిరుగుబాటునకు పేరుపడినదనియు, అది కట్టబడినయెడల శిస్తు గాని సుంకము గాని ఇకమీదట రాజు బొక్కసమునకు చేరదనియు వారు వ్రాసిరి. ఇంత శ్రమపడి వ్రాయుటకు కారణము కూడ తెలిపిరి. తాము రాజనగరు ఉప్పు తినిన జనులట. రాజునకు నష్టము కలుగుచుండగా చూచుచు ఊరకుండుట తమకు తగదట!

ఉప్పును గూర్చిన ఈ మాట మూలమైన అరామిక భాషలోనే యున్నది. తెలుగు పాఠకునికి దానికి వ్యాఖ్యానము అక్కరలేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేయరాదని మన పల్లెలలో అక్షరము రాని కూలివాడును ఎరుగును. తిన్న యింటి వాసములు లెక్కపెట్టువానిని లోకము క్షమింపదు. అయితే ఈ ఉత్తరమును చదువునప్పుడు వేరొక సంగతి తేటపడుచున్నది. ఉప్పు తిన్న విశ్వాసము అసూయకు ముసుగు కూడ కాగలదు. రాజు మేలు కోరినట్టు మాటలాడిన ఆ జనులు నిజముగా కోరినది పొరుగువాని గోడ లేవకుండుటయే. రాజు పాత దస్తావేజులు వెదకించెను; వారి మాట నమ్మెను; తాను మరల సెలవిచ్చువరకు ఆ పని నిలిపివేయవలెనని ఆజ్ఞ పంపెను. ఆజ్ఞ చేతికందిన వెంటనే వారు యెరూషలేమునకు పరుగున పోయి బలాత్కారముగా పని మాన్పించిరి.

అదే రాజు ఉప్పును తినుచున్న మరియొక మనుష్యుడు షూషను కోటలో నుండెను. అతడు హకల్యా కుమారుడైన నెహెమ్యా. రాజునకు గిన్నె అందించుట అతని ఉద్యోగము. ఈ ఉద్యోగము నేటివారికి వడ్డన చేయు పనివాని కొలువువలె తోచవచ్చును గాని ఆ కాలపు రాజనగరులో అది అట్టిది కాదు. అర్తహషస్త తండ్రి, అనగా ఎస్తేరు గ్రంథములోని అహష్వేరోషు అని సాధారణముగా ఎంచబడు రాజు, క్రీ.పూ. 465లో తన నగరులోనే, తన కావలివారి అధిపతి కుట్రవలన చంపబడెను. ఆ రక్తపు మరక ఆరకముందే అర్తహషస్త సింహాసనమెక్కెను. అట్టి రాజు ఎవని చేతినుండి నిర్భయముగా ద్రాక్షారసము పుచ్చుకొనునో ఆ మనుష్యుడు రాజు ప్రాణమును తన అరచేతిలో పెట్టుకొని నడచువాడు. ఒక యూదుడు, చెరపట్టబడిన జనుల సంతతివాడు, ఆ స్థానమునకు ఏ మెట్లెక్కి వచ్చెనో గ్రంథము చెప్పదు. ఒక్కదినమున వచ్చియుండడని మాత్రము చెప్పవచ్చును.

అర్తహషస్త యేలుబడి 20వ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 446వ సంవత్సరాంతమున, కిస్లేవు మాసమందు యెరూషలేమునుండి హనానీయు మరికొందరును వచ్చి పట్టణపు దురవస్థను తెలిపిరి. నెహెమ్యా కూర్చుండి యేడ్చెను, ఉపవాసముండెను. కాని నీసాను మాసమువరకు, దాదాపు నాలుగు నెలలు, అతడు రాజుతో ఆ మాట ఎత్తలేదు. ఈ నాలుగు నెలల మౌనమును పిరికితనమని కొందరు, ప్రార్థనాకాలమని కొందరు చెప్పుదురు. ప్రార్థన నిశ్చయముగా ఉన్నది. అయితే ఇక్కడ మరచిపోరాని విషయము, పని నిలుపుమని ఆజ్ఞాపించినవాడు వేరొక రాజు కాడు, ఈ అర్తహషస్తయే. రెహూము ఉత్తరము నెహెమ్యా రాకకు ముందటిదని అనేక పండితులు ఎంచుచున్నారు. అట్లయినయెడల నెహెమ్యా చేయవలసినది మామూలు విన్నపము కాదు. రాజు తన నోటితో మూసిన తలుపును రాజు నోటితోనే తెరిపింపవలెను. తిరుగుబాటు పట్టణమని దస్తావేజులలో ముద్రపడిన ఊరి పక్షముగా, రాజునకు గిన్నె అందించు చేతులను చాపి అడుగవలెను. ఆ మాట తప్పుగా వినబడినయెడల ఉద్యోగము మాత్రమే పోవునది కాదు.

అందుచేతనే రాజు అతని ముఖము చూచి, నీకు వ్యాధి లేదే, ఈ దుఃఖమేమని అడిగినప్పుడు అతడు మిగుల భయపడెనని తానే ఒప్పుకొనుచున్నాడు. తరువాత అతడిచ్చిన ప్రత్యుత్తరమును నెమ్మదిగా చదువవలెను. యెరూషలేము అను పేరు అతని నోట రాలేదు. తన పితరుల సమాధులున్న పట్టణము పాడైపోయినదని చెప్పెను. సమాధులను గూర్చిన దుఃఖము ఏ రాజునకైనను అర్థమగును. ఇది కపటము కాదు. ఏ దేశమందు ఆ పట్టణమున్నదో అతడు దాచలేదు, యూదా అని స్పష్టముగా పలికెను. ఏమి కావలెనని రాజు అడుగుటకును తాను బదులు చెప్పుటకును నడుమ పరలోకమందున్న దేవునికి ప్రార్థించెను. ఆ ప్రార్థన ఒక ఊపిరికంటె పొడవై యుండదు. దానికి ముందు నాలుగు నెలల ప్రార్థన యున్నది. సెలవు దొరికెను. ఎంతకాలమునకు తిరిగి వచ్చెదవని రాజు అడుగగా అతడు గడువు చెప్పెను. అధికారులకు తాకీదులు, రాజు అడవులను కాయు ఆసాపు పేర కలపకు ఉత్తరము, తోడుగా సైనికులు, రౌతులు ఇవ్వబడిరి. పదమూడేండ్లకు ముందు, క్రీ.పూ. 458లో, శాస్త్రియైన ఎజ్రా ఇదే రాజును కాపుదల అడుగుటకు సిగ్గుపడెను. దేవుడు తమను కాపాడునని ముందే రాజుతో చెప్పియుండెను గనుక. నెహెమ్యా ఆ కాపుదలను పుచ్చుకొనెను. ఇద్దరును దేవుని హస్తము తమకు తోడుగా నుండెనని ఒకే విధముగా వ్రాసిరి. ఇద్దరిలో ఒకని పక్షము పూని రెండవవానిని విశ్వాసహీనుడని అనుటకు వాక్యము చోటియ్యదు.

అన్యరాజుల కొలువులో హెచ్చింపబడిన భక్తుల చరిత్రలన్నిటిలోను ఈ భేదము కనబడుచునే యుండును. బోధకులు వారినందరిని ఒకే దండగా గ్రుచ్చి, నమ్మకముగా నుండిరి గనుక హెచ్చింపబడిరి అని ముగించుట వాడుక. కాని రాజు బల్లయొద్ద వారెట్లు కూర్చుండిరో చూచినయెడల ఒక్కొక్కని మార్గము వేరుగా నున్నది.

యోసేపు 30 ఏండ్ల ప్రాయమున ఫరోయెదుట నిలిచెను. అతనికి ఉంగరము, సన్నపు నారబట్టలు, బంగారు గొలుసు, ఐగుప్తు పేరు, ఓను యాజకుని కుమార్తె కలిగెను. సింహాసనము విషయములో మాత్రమే ఫరో అతనికంటె పైవాడు. ఇంత హెచ్చింపబడినవాని ఇంటిలో సహోదరులు భోజనమునకు కూర్చుండిన దినమున ఏమి జరిగెనో ఆదికాండము 43వ అధ్యాయము చెప్పుచున్నది. అతనికి వేరుగాను, వారికి వేరుగాను, అక్కడనే తినుచున్న ఐగుప్తీయులకు వేరుగాను వడ్డించిరి. ఏలయనగా హెబ్రీయులతో కలిసి భుజించుట ఐగుప్తీయులకు హేయము. యోసేపునకు వేరుగా వడ్డించుట అతని పదవి గౌరవమునుబట్టియని కొందరు వ్యాఖ్యాతలందురు. అయియుండవచ్చును. కాని పంక్తిభేదమును ఎరిగిన దేశములో ఈ వచనము గుండెను తాకక మానదు. ఒక తరమునకు ముందు తన తాత వాకిట దోసిలిపట్టి నీళ్లు త్రాగిన విశ్వాసి, నేడు పెద్ద ఉద్యోగములో నుండియు, విందులో తన విస్తరి ఎక్కడ వేయబడునోయని ఒక్క క్షణము చూచినయెడల, యోసేపు అతని నెరుగును. ఐగుప్తు దేశమంతటికి అన్నము పెట్టినవానితో కలిసి అన్నము తినుటకు ఐగుప్తీయులకు మనస్సు రాలేదు. యోసేపు దానినిబట్టి ధాన్యపు కొట్లు మూయలేదు.

అయినను యోసేపు చరిత్రలో సాధారణముగా ప్రసంగములలోనికి రాని భాగమొకటి కలదు. 47వ అధ్యాయములో కరవు ముదిరినకొలది జనులు మొదట రూకలు, తరువాత పశువులు, పిమ్మట పొలములు, తుదకు తమ్మును తామే ఇచ్చి ధాన్యము కొనిరి. యాజకుల భూమి తప్ప దేశమంతయు ఫరోదాయెను. పంటలో అయిదవ పాలు రాజునకు, నాలుగు పాళ్లు సేద్యగానికి అని కట్టడ యేర్పడెను. సగము పంట దొరకు కొలిచి ఇచ్చిన పాలికాపుల దేశములో నాలుగు పాళ్లు మిగులుట చిన్న మేలు కాదు. తమ ప్రాణములు కాపాడితివని ఆ జనులే యోసేపుతో చెప్పిరి. అతనిని దోషిగా ఎంచుట తొందరపాటగును. ఆ కట్టడను గ్రంథము పొగడలేదు, తెగడలేదు. కాని పుట త్రిప్పి నిర్గమకాండములోనికి వచ్చిన చదువరికి, యోసేపును ఎరుగని కొత్త రాజు అదే సింహాసనముమీద, అంత బలముతో, యోసేపు సహోదరుల సంతతిచేత ఇటుకలు చేయించుట కనబడును. భక్తుడు గడించి పెట్టిన బలము భక్తునితో కూడ సమాధికి పోదు. దానిని వారసత్వముగా పొందువాడు ఎట్టివాడో భక్తుడెరుగడు.

దానియేలు మార్గము మరియొకటి. క్రీ.పూ. 605లో నెబుకద్నెజరు చేత బబులోనునకు కొనిపోబడిన యౌవనులలో అతడొకడు. మూడేండ్ల శిక్షణ, కల్దీయుల భాష, వారి విద్య, బెల్తెషాజరు అను క్రొత్త పేరు అతనికి నియమింపబడెను. ఇవన్నియు పుచ్చుకొనెను. పేరులో అన్యదేవత జ్ఞాపకము ఉన్నను అతడు జగడమాడలేదు. రాజు భోజనము, రాజు త్రాగు ద్రాక్షారసము మాత్రము వద్దనెను. కారణము ధర్మశాస్త్రములోని నిషిద్ధ మాంసములే యని చెప్పుట చాలదు, ద్రాక్షారసమును ధర్మశాస్త్రము నిషేధింపలేదు. తరువాతి యేండ్లలో అతడు మాంసము, ద్రాక్షారసము పుచ్చుకొనెనని 10వ అధ్యాయములో మూడు వారముల ఉపవాసమును గూర్చిన మాటవలన తెలియుచున్నది. అప్పుడు మానెననగా ఇతర దినములలో తినెననియే గదా. అనగా ఆ నిరాకరణ ఆ మూడేండ్లకు సంబంధించినది. మట్టి ఇంకను పచ్చిగా నున్నప్పుడు ఎవరి చేయి దానిని మలచునో నిర్ణయమగు కాలమది. పేరు మార్చగలరు, భాష మార్చగలరు. కాని నీవు ఎవరి చేతి అన్నమువలన బ్రతుకుచున్నావను తలంపు ఒకసారి ఎముకలలోనికి దిగినయెడల తీసివేయుట కష్టము.

అతడు వద్దన్న రీతియు గమనింపదగినది. దానియేలు పళ్లెరమును త్రోసివేసి కేకలు వేయలేదు. రాజు కోపము వచ్చునేమోయని నపుంసకుల యధిపతి తన తల విషయమై భయపడెను. ఆ భయమును దానియేలు తేలికగా ఎంచలేదు. పది దినములు శాకధాన్యములు, నీళ్లు ఇచ్చి పరీక్షింపుమని వేడుకొనెను. తన మనస్సాక్షి నిమిత్తము వేరొకని మెడను కత్తి క్రింద పెట్టుట భక్తి కాదని ఆ చిన్నవాడు ఎరిగియుండెను. కొందరు పెద్దలును దీనిని ఎరుగరు.

రాజు భోజనము వద్దన్నవాడు రాజునకు శత్రువు కాలేదు. నెబుకద్నెజరు చెట్టును గూర్చిన కల చెప్పినప్పుడు దానియేలు కొంతసేపు మాటరాక కలవరపడి, ఈ కల నీ పగవారికి రావలసినదని పలికెను. యెరూషలేమును కాల్పించిన రాజును గూర్చి ఆ పట్టణపు కుమారుడు పలికిన మాట ఇది! అటుపిమ్మట, బీదలయందు కరుణ చూపుమని రాజు ముఖము ఎదుటనే హితవు చెప్పెను. రెహూము ఉత్తరమును దీని ప్రక్కన పెట్టి చూచినయెడల ఉప్పు తిన్న విశ్వాసమేదో తెలియును. రెహూము రాజునకు పొరుగువాని తప్పు చెప్పెను, దానియేలు రాజునకు రాజు తప్పు చెప్పెను.

బెల్షస్సరు విందు రాత్రి, క్రీ.పూ. 539లో, రాజ్యములో మూడవ స్థానము ఇచ్చెదనని రాజు అనగా, నీ దానములు నీయొద్దనే యుంచుకొనుమని దానియేలు చెప్పి వ్రాతను చదివెను. మూడవ స్థానమేల, రెండవది ఏల కాదని పూర్వపు పాఠకులు ప్రశ్నించెడివారు. 1854లో ఊరు పట్టణపు శిథిలములలో దొరకిన మట్టి స్తంభికలమీద బబులోను రాజైన నబోనిదుసు తన పెద్ద కుమారుడైన బెల్షస్సరు నిమిత్తము చేసిన ప్రార్థన యున్నది. తండ్రి మొదటివాడు, కుమారుడు రెండవవాడు. ఇయ్యదగినది మూడవ స్థానమే. ఆ స్థానము దానియేలుకు ఒక్క రాత్రియైనను నిలువలేదు. దర్యావేషు కాలమందు 120 మంది అధిపతులపైని ముగ్గురు ప్రధానులలో ఒకడుగా అతడు నియమింపబడెను. రాజునకు నష్టము రాకుండ చూచుట వారి పని. నష్టము అరికట్టువానికి ఆ నష్టమువలన బ్రతికినవారు మిత్రులు కారు. వారు అతని లెక్కలలో తప్పు వెదకి, దొరకక, అతని ప్రార్థన గది కిటికీవైపు తిరిగిరి. సింహముల గుహ కథ అందరెరిగినదే. దానికి ముందు ఆ లెక్కల పరీక్ష జరిగెనని జ్ఞాపకముంచుకొనువారు కొద్దిమంది.

రాజు బల్లయొద్ద కూర్చుండిన మరియొకని పేరు ఈ వరుసలో సాధారణముగా చెప్పబడదు. అతడు యూదా రాజైన యెహోయాకీను. క్రీ.పూ. 597లో చెరపట్టబడి, 37 ఏండ్లు బందీయై, ఎవీల్మెరోదకు రాజైన యేట విడుదల పొందెను. బందీగృహ వస్త్రములు మార్చుకొని బ్రదికినన్నాళ్లు రాజు సన్నిధిని భోజనము చేసెను. దినదినమునకు బత్తెము ఏర్పరచబడెను. బబులోను త్రవ్వకములలో దొరకిన మట్టి పలకలలో అతనికిని అతని అయిదుగురు కుమారులకును కొలిచి ఇచ్చిన నూనె లెక్క యున్నది. ఎర్నెస్టు వైడ్నరు అను పండితుడు వాటిని 1939లో ప్రకటించెను. దేవుడు దావీదు వంశపు దీపమును ఆర్పివేయలేదనుటకు అది సాక్ష్యము, అది కృప. కాని రాజు బల్లయొద్ద ఆసనము దొరకుటయే అధికారమనుకొనువారు యెహోయాకీనును చూడవలెను. అతని ఆసనము ఇతర రాజుల ఆసనములకంటె ఎత్తుగా వేయబడెను. అందుండి అతడు చేసిన కార్యమొక్కటియు వ్రాయబడలేదు. ఎస్తేరుకు కూడ మొదట రాజనగరులో భోజనపదార్థములు నియమింపబడినవి, ఆమె వద్దనలేదు, తన జనమేదో చెప్పను కూడ లేదు. ఆమె కూర్చుండిన చోటు ఎందుకు దొరకినదో మొర్దెకై అడుగువరకు ఆమెయు ఎరుగదు. అడిగిన పిమ్మట ఆమె తన బల్లమీదికే రాజును హామానును పిలిచెను.

ఇంతవరకు చెప్పబడిన సంగతులను మన దేశమునకు అన్వయించునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. క్రైస్తవుడు కాని పై అధికారిని నెబుకద్నెజరుతోను, తన కార్యాలయమును బబులోనుతోను పోల్చుట కొందరు విశ్వాసులకు అలవాటు. ఇది సరికాదు. భారతదేశము భారత క్రైస్తవునికి చెరదేశము కాదు, పుట్టిన ఇల్లు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అతనిది కూడ. ప్రభుత్వోద్యోగియైన విశ్వాసి తినుచున్న ఉప్పు ఏ పరరాజుదియు కాదు. చెప్పులు లేక మార్కెట్టునకు నడచు రైతును, అగ్గిపెట్టె కొను ముసలమ్మయు కట్టిన పన్ను అది. కనుక అతనికి దానియేలు 6వ అధ్యాయముకంటె నెహెమ్యా 5వ అధ్యాయము దగ్గరది. అక్కడ నెహెమ్యా పరరాజు ఎదుట లేడు. స్వజనులమీద అధికారియై యున్నాడు.

గోడ పని సగములో నుండగా ఒక మొర పుట్టెను. అది సన్బల్లటునకు విరోధమైనది కాదు. యూదుల స్త్రీపురుషులు తమ సహోదరులైన యూదులమీద పెట్టినది. కొందరు ధాన్యము లేదనిరి. కొందరు కరవులో తిండికొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పెట్టితిమనిరి. కొందరు రాజు పన్ను కట్టుటకు అప్పు చేసితిమనిరి. కుమారులు, కుమార్తెలు దాస్యములోనికి పోవుచున్నారు. పొలములు అన్యుల చేతిలో పడుటచేత విడిపించు శక్తి లేదు. నెహెమ్యా మిగుల కోపపడెను. అయితే కోపముతోనే లేచి పోలేదు, మొదట తనలో తాను ఆలోచించుకొనెను. ఆ ఆలోచనలో అతనికి ఏమి కనబడెనో 10వ వచనము తెలుపుచున్నది. తానును, తన బంధువులును, తన సేవకులును ఆ జనులకు సొమ్ము, ధాన్యము అప్పిచ్చియున్నారు. ప్రధానులను సభలో నిలువబెట్టి గద్దించినప్పుడు అతడు ఆ మాట దాచలేదు. ఈ వసూలు మానివేయుదమని తన్ను కూడ కలుపుకొని పలికెను. నూటికొకటి చొప్పున తీసికొనుచున్నది, పొలములు, తోటలు, ఇండ్లు ఆ దినముననే తిరిగి ఇయ్యవలెనని చెప్పెను. ఒప్పుకొనినవారిచేత యాజకుల ఎదుట ప్రమాణము చేయించి, తన ఒడి దులిపెను. మాట తప్పువానిని దేవుడు ఇట్లే దులిపివేయును గాక అని.

తరువాత తన్ను గూర్చి వ్రాసినది పండ్రెండేండ్ల లెక్క. క్రీ.పూ. 445 మొదలు 433 వరకు అధికారిగా నుండి, అధికారికి రావలసిన ఆహారపు సొమ్మును తానుగాని తన బంధువులుగాని తీసికొనలేదు. అతనికి ముందున్న అధికారులు జనులయొద్ద ఆహారము, ద్రాక్షారసము కాక నలువది తులముల వెండి పుచ్చుకొనుచు వచ్చిరి. వారి పనివారును జనులమీద భారము మోపిరి. ఆ వసూలు శాసన విరుద్ధమని గ్రంథము చెప్పలేదు. అది పదవికి కట్టిన భత్యము. ఒకడు మొదలుపెట్టినది రెండవవాడు కొనసాగించును, మూడవవాని కాలమునకు అది హక్కగును. తెలుగులో లంచమునకు మామూలు అను పేరు ఎట్లు వచ్చినదో దీనివలన తెలియును. ప్రతిదినము జరుగునది గనుక పాపమనిపించుట మానివేసినది. నెహెమ్యా మామూలును మానుటతో తృప్తిపడలేదు, న్యాయమైన భత్యమును కూడ విడిచెను. జనులు మోయుచున్న భారము బరువుగా నున్నదను ఒక్క కారణము చెప్పెను. దేవుని భయమనునది దాని వెనుక నున్న కారణము. పౌలు కొరింథీయులయొద్ద తనకున్న హక్కును వాడుకొనకుండుటకు చెప్పిన సంగతులు ఈ జాతివే.

ఆ అధ్యాయములో మరి యొక చిన్న మాట యున్నది. దానిమీదుగా చదువరులు వేగముగా దాటిపోవుదురు. తాము భూమి సంపాదింపలేదని అతడు చెప్పుచున్నాడు. ఆ సంవత్సరము యెరూషలేములో భూమి ఎంత చౌకయో ఆలోచింపవలెను. తాకట్టులో మునిగిన పొలములు ఎటు చూచినను కలవు. గోడ లేచిన తరువాత వాటి వెల ఏమగునో గోడ కట్టించుచున్న అధికారికంటె బాగుగా ఎవరెరుగుదురు? ఎక్కడ దారి పడునో, ఎక్కడ కాలువ త్రవ్వబడునో ముందుగా తెలిసిన బల్లయొద్ద కూర్చుండువారు ఏ కాలమందును ఉన్నారు. ఎవని పొలమును బలవంతముగా తీసికొననక్కరలేదు. అమ్మవచ్చిన వితంతువు చేతిలో నాలుగు రూకలు పెట్టినను చాలును, ఆమె దీవించి పోవును. నెహెమ్యా చేతులు ఆ దినములలో గోడ రాళ్లమీద నుండెను. అతని పనివారును అక్కడనే యుండిరి.

భత్యము తీసికొననివాడు పిసినారిగా బ్రదుకలేదు. అతని బల్లయొద్ద దినదినము యూదులును అధికారులును 150 మంది, చుట్టునున్న దేశములనుండి వచ్చినవారు వేరుగా, భోజనము చేసిరి. దినమునకు ఒక యెద్దు, ఆరు శ్రేష్ఠమైన గొఱ్ఱెలు, కోళ్లు, పది దినములకొకసారి పలువిధముల ద్రాక్షారసము. రాజు బల్లయొద్ద నిలువబడి సేవచేసినవాని బల్ల ఇట్లుండెను. 52 దినములలో, ఎలూలు మాసము 25వ దినమున, గోడ ముగిసెను. సన్బల్లటు మాత్రము చాలకాలము తన అధికారములోనే యుండెను. ఐగుప్తులోని ఎలెఫంటీను ద్వీపపు యూదులు క్రీ.పూ. 407లో వ్రాసిన విన్నపములో షోమ్రోను అధికారియైన సన్బల్లటు కుమారులు దెలాయా, షెలెమ్యా అను పేర్లు కనబడుచున్నవి. శత్రువును తొలగించుట నెహెమ్యా పని కాదు, చేయనులేదు.

అర్తహషస్త యేలుబడి 32వ సంవత్సరమున అతడు రాజునొద్దకు తిరిగి వెళ్లెను. తొలినాడు గడువు చెప్పి వచ్చినవాడు, ఆ మాట మరువలేదు. కొన్నాళ్లకు మరల సెలవు పుచ్చుకొని యెరూషలేమునకు వచ్చి చూడగా, మందిరపు ఆవరణములో ధాన్యము, ధూపద్రవ్యము నిలువచేయు పెద్ద గది టోబీయా కాపురమునకు ఇవ్వబడియుండెను. అందరును ఆ గది సంగతి చెప్పుకొందురు. అతడు టోబీయా సామానంతయు బయట పారవేయించుట చదివి సంతోషింతురు. కాని మరుక్షణమందే అతడు విచారించి తెలిసికొనిన సంగతి వేరు. లేవీయులకు రావలసిన పాళ్లు ఎవరును ఇయ్యకపోవుటచేత, మందిరములో పాటలు పాడవలసినవారు ఎవరి పొలములకు వారు పారిపోయియుండిరి. పండ్రెండేండ్లు తన పాలు తాను విడిచినవాడు, ఇతరుల పాలు విడిచిపెట్టుడని వారితో చెప్పలేదు. దేవుని మందిరమును ఏల విడిచిపెట్టితిరని అధికారులతో పోరాడి, లేవీయులను సమకూర్చి వారి స్థలములలో నిలువబెట్టెను. యూదులందరు ధాన్యము, ద్రాక్షారసము, నూనెలలో పదియవ వంతు కొట్లలోనికి తెచ్చిరి. వాటిమీద యాజకుడైన షెలెమ్యాను, శాస్త్రియైన సాదోకును, లేవీయుడైన పెదాయాను, వారికి సహాయకుడుగా హానానును ఉంచెను. నమ్మకమైనవారని పేరుపొందినవారు గనుక వారిని ఏర్పరచుకొనెను. తమ సహోదరులకు ఎవరి పాలు వారికి కొలిచి పంచిపెట్టుట వారి పని.